మేనమామ కూర్చోవలసిన చోటు

దాయు రేవు,
తొమ్మిదో నెల

అన్నయ్యకు, వదినకు చెల్లెలు సూయింగ్ నమస్కరించి రాయునది.

మా జియెన్ పెళ్ళి కుదిరింది. అమ్మాయి వలల వ్యాపారి ఫాంగ్ గారి రెండో కూతురు లీచిన్. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం ఓడ కూతే. ఆ గొంతే నచ్చిందట మావాడికి. మొదట వసంతంలో అనుకున్నారు. చలి తగ్గితే వంటవాళ్ళు దొరకరని పోరి పోరి పన్నెండో నెలకే ముహూర్తం పెట్టించాను.

నువ్వు రావాలి. నీకు తెలియనిది కాదు, అయినా చెబుతున్నాను. ఈ రేవులో పెళ్ళికొడుకు మేనమామ పై బల్ల దగ్గర కూర్చుని, తినే పుల్లలు చేత పట్టేదాకా ఇంకెవరూ ముట్టరు. అమ్మ లేదు, నాన్న లేడు. కే ఇంటిపేరుతో నాకు మిగిలింది నువ్వొక్కడివే. నువ్వొచ్చి కూర్చుంటే, ఈవిడ వెనక మనిషున్నాడని నలుగురూ అనుకుంటారు. ఆ ముఖం నాకివ్వు అన్నయ్యా. ఇన్నాళ్ళలో నిన్ను ఏదీ అడగలేదు. పళ్ళెం ముట్టకపోయినా సరే, కూర్చుంటే చాలు.

మీ బావ కూడా రమ్మనే అంటున్నాడు. "వస్తే మంచిదే, కాకపోతే సారా సీసాల మీద ప్రసంగం మొదలెడితే మాత్రం అందరం సముద్రంలో దూకాల్సిందే" అని నవ్వుతున్నాడు.

నీ చెల్లెలు
సూయింగ్


షిలింగ్ కొండ,
తొమ్మిదో నెల చివర

ప్రభువునందు ప్రియమైన చెల్లెలికి,

నీ ఉత్తరం ఒకసారి కూర్చుని చదివాను, ఒకసారి మోకాళ్ళ మీద చదివాను. రెండుసార్లూ ఒకటే జవాబు వచ్చింది. రాను.

ముఖం ఇవ్వమన్నావు. మియెన్‌జ! ఆ ఒక్క మాట కోసం మన జనం ఎంత గడ్డి తిన్నారు! ఇవ్వమంటారు, నిలబెట్టమంటారు, కాస్త మిగల్చమంటారు. పెద్దవాడి ముఖం అరువు తెచ్చుకుని చిన్నవాడు ఆఫీసులో పని చేయించుకుంటాడు. ఇంట్లో ఉప్పుగంజి తాగేవాడు అతిథి వస్తే పక్కింటి కోడిని తెచ్చి కోస్తాడు. పాపం చేసినందుకు ఏడ్చినవాణ్ణి ఈ కొండల్లో నేను అరుదుగా చూశాను, నలుగురికీ తెలిసిపోయినందుకు ఏడ్చినవాణ్ణి ప్రతి ఇంట్లో చూశాను. సౌలు రాజు దేవుని ఆజ్ఞ మీరి దొరికిపోయినప్పుడు ఏం చేశాడు? తప్పు చేశానని గబగబా ఒక మాట అనేసి, ఆ నోటితోనే, పెద్దల ముందు నా పరువు కాపాడవయ్యా అని సమూయేలు ప్రవక్త అంగీ పట్టుకుని లాగాడు. అంగీ చిరిగింది. రాజ్యమూ చిరిగింది.

ఆ పై బల్ల ఎక్కడ వేస్తారో నాకు తెలుసు. మీ అత్తవారు లౌ వాళ్ళ పూర్వీకుల పేర్ల పలకల ముందు. కొత్తజంట వాటికి వంగి మొక్కుతుంటే దేవుని వాక్యం చెప్పేవాణ్ణి నేను సాక్షిగా కూర్చోవాలా?

నాన్నను తలుచుకో. విప్లవం రోజుల్లో చేతికి ఎర్ర పట్టీలు కట్టిన కుర్రాళ్ళు, దేవుణ్ణి నమ్మినందుకు ఆయన నెత్తిన పొడుగు కాగితం టోపీ పెట్టి, మెడలో పలక వేలాడదీసి సంతంతా తిప్పారు. నేనప్పుడు రాళ్ళు కొట్టే శిక్షలో ఉన్నాను, చూడలేదు. తిరిగొచ్చి అడిగితే, "టోపీ బాగానే కుదిరిందిరా" అని నవ్వాడు. ఆ నవ్వు మీదే నేను ఇన్నేళ్ళుగా ప్రసంగాలు చేస్తున్నాను. ఆయన కూతురివి నువ్వు. ఆయనే ముఖం కోసం దేవులాడలేదు, నీకెందుకు?

పిల్లలకు నా దీవెనలు.

మీ అన్నయ్య
తియెన్‌ఎన్


దాయు రేవు,
పదో నెల

అన్నయ్యా,

అంగీ చిరిగిన చోట పుస్తకం మూసేశావు. ఇంకాస్త చదవాల్సింది. సమూయేలు తిట్టాల్సినదంతా తిట్టి, ఆ తర్వాత వెనక్కి తిరిగి సౌలుతో పాటు వెళ్ళాడు. పెద్దల ముందు అతని పక్కన నిలబడ్డాడు. నాకు బైబిలు నేర్పింది నువ్వే, ఇప్పుడు నన్నని లాభం లేదు. కానా ఊరి పెళ్ళిలో ద్రాక్షారసం అయిపోతే, పోతే పోయింది మీ పరువు అని ప్రభువు అనలేదుగా! వాళ్ళమ్మ చెవిలో ఒక్క మాట వేసింది, ఆయన బానలు నింపించాడు. ఆ ఇంటివాళ్ళకు అవమానం జరగబోయిందని అతిథుల్లో ఒక్కడికీ తెలియలేదు.

నువ్వు రెండు మాటల్ని ఒక గాటన కట్టేస్తున్నావు. లియెన్ అంటే మనిషి సొంత ముఖం. తప్పుడు పని చేస్తే పోయేది అది, పోతే ఎవరూ తెచ్చివ్వలేరు. మియెన్‌జ నలుగురూ మన చేతిలో పెట్టేది. నా సొంత ముఖం సంగతి దేవుడు చూసుకుంటాడు. నేను నిన్నడిగింది రెండోది, అదీ నా పిల్లాడి కోసం.

పోనీలే. దారి జారుడుగా ఉంటుంది, నీకు శీతాకాలం ప్రార్థన కూడికలున్నాయి. రావద్దు.

పెళ్ళికని దూది కోటు కుట్టించుకున్నాను. కొలత తీస్తూ దర్జీ ఆవిడ, "పెళ్ళికూతురివి నువ్వా ఏంటి?" అని ఎకసెక్కాలాడింది. నడుము అంత సన్నబడింది. పెళ్ళిపనుల తిరుగుడు మరి.

సూయింగ్


షిలింగ్ కొండ,
పదకొండో నెల

చెల్లీ,

సమూయేలు వెళ్ళిన మాట నిజమే. వెళ్ళి ఏం చేశాడో కూడా చదువు. రాజు చంపకుండా వదిలేసిన శత్రురాజును కత్తితో తనే నరికాడు. నేను కత్తి పట్టుకుని మీ పెళ్ళికి రావాలా?

నీ ఉత్తరాన్ని ఆదివారం సంఘంలో చదివి వినిపించాను. పేరు చెప్పలేదు గాని అందరూ పోల్చుకున్నారు. లోకం మర్యాద ఎంత తియ్యగా మాట్లాడుతుందో చూడండి, నా సొంత రక్తం నోటితోనే మాట్లాడుతోంది అన్నాను. చాలామంది ఏడ్చారు.

అవునంటే అవును, కాదంటే కాదు, అదీ మన ప్రభువు నేర్పిన భాష. రావద్దని నువ్వే రాశావు కాబట్టి నీ మాటే తీసుకుంటున్నాను. వదిన మాత్రం పొయ్యి దగ్గర గొణుగుతోంది. "రావద్దంటే రమ్మని. పాలుతాగే పిల్లకు తెలుసు, నీకు తెలియదు" అంటోంది. ఆ వంకర భాష నాకు రాదు, నేర్చుకోను కూడా.

ఎండు వెదురు మొలకలు పంపుతున్నాను. దిండు గలీబులు వదిన కుట్టింది. ఒంటికి జాగ్రత్త.

తియెన్‌ఎన్


దాయు రేవు,
పన్నెండో నెల, పెళ్ళైన మర్నాడు

అన్నయ్యా, వదినా,

పెళ్ళి అయింది. లీచిన్ నా చేతికి టీ అందించి "అత్తయ్యా" అని పిలిస్తే వీధి చివరిదాకా వినబడింది.

ఇక నీ చోటు సంగతి. నువ్వు రావని నేను ఎవరికీ చెప్పలేదు. ఏమో, చివరి పడవలో దిగుతావేమో అనుకున్నాను. అందరూ కూర్చున్నారు. పై బల్ల దగ్గర కుడివైపు బెంచీ ఖాళీ. ఎడమవైపు లీచిన్ మేనమామ శ్యూ పెద్దాయన. "పెళ్ళికొడుకు మేనమామగారేరీ?" అన్నాడాయన. మీ బావ, "దారిలో ఉన్నారండి" అన్నాడు. వెనక బల్ల నుంచి ఎవడో, "కొండ మీంచి పాకుతూ వస్తున్నాడా ఏం?" అన్నాడు. నవ్వులు. చేప మీద నూనె గడ్డకట్టింది. వంటాయన గుమ్మంలోంచి తొంగి చూసి మళ్ళీ లోపలికి పోయాడు. శ్యూ పెద్దాయన పుల్లలు గిన్నె మీద అడ్డంగా పెట్టేసి, "ఎదుటివాడు లేకుండా మేం మొదలెడితే మా పిల్లను ఎవరింట్లో ఇచ్చామనుకుంటారు?" అన్నాడు. మావాడి ముఖం చూడలేకపోయాను.

లేచి నిలబడ్డాను. "మా అన్నయ్య నిన్న కొండ దిగుతూ పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తన బదులు శ్యూ గారినే పుల్లలెత్తమని మంచం మీంచి కబురు పంపాడు" అన్నాను. అప్పుడాయన లేచి నీ ఖాళీ బెంచీకి నమస్కారం పెట్టి, పుల్లలెత్తాడు. హాలంతా ఊపిరి పీల్చుకుంది.

నీ కాలికని పెద్దాయన ఉప్పులో ఊరేసిన పంది తొడ పంపిస్తున్నాడు. కాలికి కాలే బలమట. వద్దనలేకపోయాను. కాబట్టి దాయులో నీ కాలు విరిగింది అన్నయ్యా. ఎండలు వచ్చేదాకా ఇటు రాకు. వస్తే కాస్త కుంటు.

సూయింగ్


షిలింగ్ కొండ,
పన్నెండో నెల ముగింపు

సూయింగ్,

నా కాలుతో అబద్ధమాడావు! సువార్త చెప్పడానికి దేవుడు నాకిచ్చిన కాళ్ళివి. ఈ కొండల్లో అవి నడవని డొంక లేదు. ఆ కాళ్ళను తీసుకెళ్ళి సారా బల్లల మధ్య విరిచేశావు. ఆ పంది తొడ మా వంటింట్లో వేలాడుతోంది. ఆకాను గుడారంలో పాతిపెట్టిన దొంగసొత్తులా దాన్ని చూస్తున్నాను. వదిన మాత్రం ఓ ముక్క కోసి పులుసు పెట్టింది. నేను ముట్టలేదు.

చలిమంట దగ్గర పేతురు ఏమన్నాడు? ప్రభువు గురించి అడిగితే ఆ మనిషెవరో నాకు తెలియదన్నాడు. నువ్వు అంతకంటె ఏం తక్కువ చేశావు? అన్నయ్య విశ్వాసం కోసం రాలేదని నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడ్డావు. అది నాకు సాక్ష్యంగా మిగిలేది, నీకూ మిగిలేది.

వెళ్ళి శ్యూ గారికి నిజం చెప్పు. మీ వియ్యాలవారి ముందు నిలబడి చెప్పు. చెప్పకపోతే, దారులు ఆరగానే నేనే వస్తాను. రెండు కాళ్ళ మీద దాయు వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తాను. చూసినవాళ్ళే నిన్ను అడుగుతారు.

తియెన్‌ఎన్


దాయు రేవు,
మొదటి నెల

అన్నయ్యా,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే తిట్టుకోకు.

రెండు కాళ్ళ మీదే నడువు. కాకపోతే ఇంకొన్నాళ్ళు ఆగి నడువు, నేను వినకుండా ఉండేటప్పుడు.

కడుపులో గడ్డ ఉందని పోయిన వేసవిలోనే డాక్టరు చెప్పాడు. కోసినా లాభం లేదన్నాడు. మీ బావకు చెప్పలేదు, జియెన్‌కు చెప్పలేదు. ఫాంగ్ వాళ్ళకు తెలిస్తే మంచంపట్టిన అత్తగారింటికి పిల్లను పంపరు. నేను ముందే పోతే కొడుకు దుఃఖం పాటించాలి, పెళ్ళి మూడేళ్ళు ఆగుతుంది, అంతకాలం వాళ్ళు ఆగరు. అందుకే పన్నెండో నెలకు జరిపించాను. బుగ్గలకు రంగు పూసుకుని, దూది కోటులో ముడుచుకుని పెళ్ళి దాటించాను. అక్కడిదాకా నిలబెట్టమని దేవుణ్ణి అడిగాను, నిలబెట్టాడు. ఆయన నన్ను పేతురుతో పోల్చలేదు.

నీకు చెబుదామని కలం పట్టుకునేదాన్ని. నీకు చెబితే ఆదివారం కొండంతా ప్రార్థన చేస్తుంది, సోమవారం రేవుకు తెలుస్తుంది. నీ నోట్లో ఏదీ ఆగదు, అదే నీ గొప్పతనం. ఈ ఒక్కసారికి ఆ గొప్పతనం నాకు అడ్డమొచ్చింది.

నాన్న సంగతి కూడా చెప్పేస్తాను. ఆ రోజు సంత నుంచి వచ్చి ఆయన టోపీ తీసి మూల పెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పడుకుని ఏడ్చాడు అన్నయ్యా, చిన్నపిల్లాడిలా, దుప్పటి నోట్లో కుక్కుకుని. మర్నాడు ఇటు తిరిగి నాతో అన్న మొదటి మాట, "అన్నయ్యకు చెప్పకు. వాడి కళ్ళల్లోనైనా నన్ను అలాగే ఉండనీ" అని. చెప్పలేదు. నీ ప్రసంగాల్లో ఆయన నవ్వుతున్నప్పుడల్లా నేను తలవంచుకుని కూర్చునేదాన్ని. నీకు అబద్ధం చెప్పాననుకోకు. ఆయన అడిగింది ఇచ్చాను.

నేను పోయాక నీకు కబురొస్తుంది. మేనమామ చూసి సరేనంటేగాని ఇక్కడ పెట్టెకు మేకు కొట్టరు. వీధంతా నీ నోటి కోసమే కాచుకుని ఉంటుంది. మంచి డాక్టరుకు ఎందుకు చూపించలేదని మావాణ్ణి నిలదీస్తావని చూస్తారు. వాడికేం తెలియదు. నీ ముందు మోకరిల్లితే త్వరగా పైకి లేపు.

నువ్వు మాత్రం ఇప్పుడు రావద్దు. దారులు ఇంకా ఆరలేదు. వదినకు మోకాళ్ళ నొప్పులు, ఒంటరిగా వదిలి రావద్దు. నాకు బాగానే ఉంది, రావద్దు.

సూయింగ్


దాయు రేవు,
రెండో నెల

మామయ్యగారికి, అల్లుడు జియెన్ మోకరిల్లి రాయునది.

మీరు వెళ్ళిపోయాక ఇంట్లో ఉండలేకపోతున్నాను.

అమ్మ పోయి మీరు వచ్చిన రోజు వాన. రేవు మెట్ల దగ్గర మోకాళ్ళ మీద ఉన్న నాకు ముందు మీ బూట్లే కనిపించాయి. ఒక కాలు ఈడుస్తున్నారు. శ్యూ తాతగారు గొడుగు పట్టి, "కాలు ఎలా ఉందండీ?" అంటే, "ఇంకా కుదురుకోలేదండి, అందుకే ఆలస్యమైంది" అన్నారు మీరు. మీ కాలు విరగలేదని నాకు తెలుసు మామయ్యా. పెళ్ళైన మర్నాడే నిలదీస్తే అమ్మ ఒప్పుకుంది.

మీరు రారని తెలిసీ దాచిందని ఆ రోజు నుంచి నేను ఆవిడతో మాట్లాడలేదు. "మేనమామే లెక్కచేయని ఇల్లు" అని మా బావమరదులు తాగి అన్న మాట నా చెవుల్లోంచి పోలేదు. అమ్మ గిన్నె అందిస్తే తీసుకునేవాణ్ణి, మాట మాత్రం లేదు. ఆవిడ గంజి ముట్టకపోతే నా మీద అలిగిందనుకున్నాను. "తింటే తిను, లేకపోతే లేదు" అని లీచిన్‌తో అన్నట్టుగా ఆవిడకు వినిపించాను. పడిపోయిన రోజు ఎత్తితే బరువే లేదు. అప్పుడు పిలిచాను, అమ్మా అని. ఆవిడ పలకలేదు.

పెట్టె దగ్గర మీరు చాలాసేపు చూశారు. వీధంతా చెవులు రిక్కించుకుని ఉంది. మీరు నా చంకల కింద చేతులేసి లేపి, "ఈ ఇంట్లో నా చెల్లెలికి ఏ లోటూ జరగలేదు. కొట్టండి మేకులు" అన్నారు. ఇప్పుడు అందరూ నన్ను మంచి కొడుకంటున్నారు. టీ కొట్టు దగ్గర లేచి చోటిస్తున్నారు. నేను భరించలేకపోతున్నాను.

మళ్ళీ రండి. నిజం చెప్పండి. వీధి మధ్యలో నన్ను మోకాళ్ళ మీద నిలబెట్టి అడగండి. మీ నోటికి అందరూ భయపడతారు, ఆ నోటితోనే అడగండి.

జియెన్


షిలింగ్ కొండ,
రెండో నెల చివర

అల్లుడూ,

నలుగురిలో నిన్ను అడగను. టీ కొట్టు దగ్గర వాళ్ళు నీకిస్తున్న చోటు మీ అమ్మ సంపాదించి నీకు వదిలిపోయింది. దాన్ని లాక్కునే హక్కు నాకు లేదు. లేచి చోటిస్తే కూర్చో. గుండెలో మంట ఉంటే ఉండనీ, అది మీ అమ్మకూ నీకూ మధ్యది, వీధికి సంబంధం లేదు.

మీ అమ్మ ఉత్తరం వచ్చిన పూట సంగతి చెబుతాను. చదివి అలాగే కూర్చుండిపోయాను. మీ అత్తయ్య లాక్కుని చదివింది. "మూడుసార్లు రావద్దని రాసిందయ్యా, ఇంకా కూర్చున్నావా?" అని నా బూట్లు తెచ్చి ముందు పడేసింది. దారంతా పరుగే. రేవులో పడవ దిగుతుంటే ఒడ్డున చావింటివాళ్ళు కట్టే తెల్లగుడ్డలు కనిపించాయి. ఆ మెట్ల దాకా నేను రెండు కాళ్ళ మీదే వచ్చాను. నిన్ను చూశాక కాలు దానంతటదే ఈడ్చుకుపోయింది.

అబద్ధికుల నాలుకల గురించి ఇన్నేళ్ళు అరిచిన నోరు ఇది. ఏ లోటూ జరగలేదంటే కాలిపోతుందనుకున్నాను. కాలలేదు. తర్వాతి ఆదివారం సంఘంలో సమూయేలు గ్రంథం తెరిచాను. ప్రవక్త వెనక్కి తిరిగి రాజుతో వెళ్ళాడన్న చోటికి వచ్చేసరికి చదవడం ఆపేశాను. ఆడవాళ్ళు పాట ఎత్తుకుని నన్ను కూర్చోబెట్టారు. ఎందుకని ఎవరూ అడగలేదు. చెల్లెలు పోయిన దుఃఖం అనుకున్నారు. వాళ్ళకు నిజం చెప్పాలని లేచాను, కూర్చున్నాను.

నీ లోటు నేను దాచాననుకుంటున్నావు. పిచ్చివాడా, ఆ పెట్టె దగ్గర అందర్నీ అడిగే అధికారం మేనమామది. మేనమామను అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. నువ్వెందుకు రాలేదని నన్ను అడగవలసిన మనిషి ఒక్కతే, ఆవిడ పెట్టెలో ఉంది. బుగ్గల మీద ఎవరో రంగు పూశారు. ముఖం ప్రశాంతంగా ఉంది. ఏమీ అడగలేదు.

నువ్వు అడుగు. తిట్టాలనిపిస్తే తిట్టు. సమాధుల పండక్కి లీచిన్‌ను తీసుకుని కొండకు రా. ముగ్గురం మాట్లాడుకుందాం, మీ అత్తయ్యతో కలిసి నలుగురం. పని ఉందనో, పడవలు లేవనో, ముఖం చెల్లడం లేదనో, రాలేననో నువ్వు రాస్తే, ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని ఆ పూటే నేను బయలుదేరతాను.

మీ మామయ్య
తియెన్‌ఎన్